ఏడు లోపలేనా?



నేను జనగామ బ్రాంచిలో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లిష్ చెప్తాను. అంతకుముందు రెండేళ్లు మహబూబాబాద్ బ్రాంచిలో చేశాను. మా ఇల్లు భూపాలపల్లి. అంటే ఈ పత్రిక చేరే మూడు ఊళ్లలోనూ నన్ను గుర్తుపట్టేవాళ్లు కొందరు ఉంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీ వైపు తిప్పి, ఎర్ర పెన్నుతో గీసిన చోట వేలు పెట్టి చూపించే మేడంను నేనే.

ఇంగ్లిష్ మేడం తెలుగు పేజీలో రాయడమేంటని అనుకోకండి. ఈ నెల ఆటల గురించి ఎవరైనా రాయండని స్టాఫ్ రూమ్‌లో అడిగితే పీఈటీ సార్ మెల్లగా బయటికి జారుకున్నారు. నేను అప్పుడే ఫోన్‌లో కబడ్డీ స్కోరు చూస్తూ దొరికిపోయాను. అందుకే ఈ వ్యాసం. ఇందులో ఆట తక్కువ, మా బాపు ఎక్కువ. ముందే చెప్తున్నాను.

మా బాపు సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ ఆడేవాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆడటం మానేశాడు కానీ చూడటం మానలేదు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ ఎనిమిది జట్లతో మొదలైనప్పుడు, అందులో తెలుగు టైటాన్స్ అని ఒక జట్టు ఉందని తెలిసిన రోజున మా ఇంట్లో పండగే. "మట్టిల ఆడిన ఆట, టీవీల రంగు చాపల మీద ఆడుతాండ్రు సూడుండ్రి" అని వాడకట్టు మొత్తాన్ని పిలిచాడు. రెండో సీజన్‌లో టైటాన్స్ సెమీఫైనల్లో బెంగళూరు చేతిలో 39-38తో, ఒక్క పాయింటుతో ఓడితే ఆ రాత్రి అన్నం తినలేదు. నాలుగో సీజన్‌లో మళ్లీ సెమీస్ దాకా వచ్చి ఆగిపోయారు. అప్పట్లో రాహుల్ చౌదరి ఉండేవాడు. కూతకు పోతుంటే మా వాడకట్టు పోరలందరూ టీవీ ముందు తొడ కొట్టేవాళ్లు.

నేను మాత్రం అప్పుడు పెద్దగా చూసేదాన్ని కాదు. నాకు ఆ పిచ్చి పట్టింది ఎనిమిదో సీజన్‌లో. 2022 జనవరిలో కరోనా మూడో విడత వల్ల స్కూళ్లు, కాలేజీలు నెలాఖరు దాకా మూసేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. నేను హన్మకొండలో బీఈడీ చదువుతున్నాను. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చాను. ఆ సీజన్ మొత్తం బెంగళూరులో ఒక్క హోటల్లోనే పెట్టారు, చూడటానికి జనాన్ని రానివ్వలేదు. ఈలలు, చప్పట్లు లేని ఆట. ఆటగాళ్ల కూత, చాప మీద కాళ్ల చప్పుడు అంతే. రాత్రి అన్నాలయ్యాక బాపు, నేను ఆ ఖాళీ స్టేడియంను చూస్తూ కూర్చునేవాళ్లం.

ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. నాలుగు సమానమయ్యాయి. 17 ఓడారు.

అప్పుడే నేను బాపు డైరీ చూశాను. కార్మిక సంఘం వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన పాత డైరీ. అందులో తేదీ, ఎవరితో మ్యాచ్, ఎంత తేడా అని మూడు గీతల మధ్య రాసుకునేవాడు, మస్టర్ పుస్తకం లాగా. గెలిచినా ఓడినా వేరే గుర్తు లేదు. కొన్ని అంకెల చుట్టూ మాత్రం సున్నా చుట్టి ఉంది. ఇవేంటి అని అడిగాను.

"గవి ఏడు లోపల ఓడినయి బిడ్డా."

కబడ్డీ చూడనివాళ్ల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. 2024 సీజన్ దాకా ఈ లీగ్‌లో గెలిచిన జట్టుకు ఐదు పాయింట్లు వచ్చేవి. సమానమైతే చెరి మూడు. ఓడిన జట్టుకు సున్నాయే, కానీ ఏడు పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవారు. ఈ రూలు వల్ల ఏమయ్యేదంటే, ఇంకో రెండు నిమిషాలు ఉండగా పది పాయింట్లు వెనకబడ్డ జట్టు కూడా ఆడటం ఆపేది కాదు. గెలవదని వాళ్లకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. అయినా ఆ పదిని ఏడు చేయడానికి ఒకడు చివరి కూతకు పోయేవాడు. అవతలి జట్టు కూడా వాడిని ఊరికే వదిలేది కాదు, వాళ్లకూ అది లెక్కే.

ఆ సీజన్‌లో టైటాన్స్‌కు మొత్తం వచ్చినవి 27 పాయింట్లు. ఒక గెలుపుకు ఐదు, నాలుగు సమానాలకు పన్నెండు. మిగతా పది, బాపు చుట్టిన సున్నాలు. పదిహేడు ఓటముల్లో పది, ఏడు లోపలే.

అప్పట్నుంచి మా ఇంట్లో అది మాట అయిపోయింది. అమ్మ సకినాలు పోస్తే రెండు విరిగాయనుకోండి, "ఏడు లోపలే". బస్సు కళ్లముందే వెళ్లిపోతే, "ఏడు లోపలే". నేను బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్‌లో పిల్లల ముందు తడబడి వచ్చి ఏడుస్తుంటే కూడా అదే.

తర్వాత రెండు సీజన్లు ఇంకా ఘోరం. తొమ్మిదో సీజన్‌లో రెండు గెలిచి ఇరవై ఓడారు. అప్పుడు నేను మహబూబాబాద్‌లో కొత్తగా చేరాను. రూమ్‌లో ఉండి ఫోన్‌లో చూసేదాన్ని. మ్యాచ్ అయిపోగానే బాపు ఫోన్ చేసేవాడు. ఓడిన సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసేవాడు. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి తెచ్చారు. లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. ఇక చూస్కో అన్నాడు బాపు. రెండు గెలిచారు, ఒకటి సమానం, 19 ఓడారు. వరసగా మూడు సీజన్లు పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. మూడేళ్లలో 66 మ్యాచ్‌లు, ఐదు గెలుపులు.

"ఎందుకు చూస్తున్నవ్ బాపూ ఇంకా?" అని ఒకసారి విసుక్కున్నాను. ఆ జట్టులో మనోళ్లు కూడా ఎక్కువమంది ఉండరు, హర్యానా, ఉత్తరప్రదేశ్ పిల్లలే ఎక్కువ. పేరుకే తెలుగు.

"గనిల మాత్రం అందరు మనోళ్లేనా?" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఇక నా సంగతి. 2024 ఫిబ్రవరి 29న డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, 11,062 పోస్టులు. మన బ్రాంచీల్లో చాలామంది టీచర్లు రాశారు, నేనూ రాశాను. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్. కొందరు పేరెంట్స్ నన్ను గేటు దగ్గర ఆపి, "గవర్నమెంట్ జాబ్ వస్తే మా పిల్లల్ని విడిచి పోతారా మేడం?" అని అడిగేవాళ్లు. నవ్వి ఊరుకునేదాన్ని. వస్తే పోతాను, దాచడం ఎందుకు. (ఈ వాక్యం ప్రిన్సిపాల్ మేడం ఉంచుతారో కొట్టేస్తారో చూడాలి.)

పగలు స్కూలు, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా నా చదువు. జులైలో పరీక్ష. సెప్టెంబర్ 30న ఫలితాలు. ఒక పోస్టుకు ముగ్గురు చొప్పున సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు పిలిచారు, ఆ జాబితాలో నా పేరు ఉంది. ఫైల్ పట్టుకుని వెళ్లాను. క్యూలో నిలబడ్డ అందరం ఒకరి మార్కులు ఒకరం అడుగుతూ, ఎవరి ముందు ఎవరు ఉన్నారో లెక్కలేసుకుంటూ ఉన్నాం. వారం తిరగకముందే తేలిపోయింది. అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చారు. బీఈడీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి అక్కడ ఉంది, వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. నేను ఆ ఫొటోకు మూడు పూల బొమ్మలు పెట్టి, ఫోన్ బోర్లా పెట్టాను.

దసరా సెలవులు, ఇంట్లోనే ఉన్నాను. బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎంత తేడాతోటి పోయింది బిడ్డా?"

"ఒకటిన్నర మార్కు."

కాసేపాగి, "ఏడు లోపలేనా అయితే" అన్నాడు.

మీరు ఇక్కడ నేను నవ్వానని అనుకుంటారు. లేదు. చాలా కోపమొచ్చింది. డీఎస్సీలో ఆ రూలు లేదు బాపూ అని అరిచాను. ఒకటిన్నరతో పోయినా నలభైతో పోయినా ఒకటే, ఒక్క పాయింటు కూడా ఎవరూ ఇవ్వరు, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాల్సిందే, ఇది ఆట కాదు అన్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. బాపు ఏమీ అనలేదు. లేచి బయటికి వెళ్లి బండి తుడుచుకున్నాడు.

ఇప్పటికీ ఆ మాటలో నేను చెప్పింది తప్పు అనుకోను. రూలు లేదు, నిజమే కదా. కానీ ఆయన అడిగింది రూలు గురించి కాదని నాకు తెలియడానికి ఇంకో నెలన్నర పట్టింది.

సెలవులు అయ్యి నేను జనగామ వచ్చేశాక, బాపు ఫోన్ చేసి 18వ తారీఖు గచ్చిబౌలిలో పదకొండో సీజన్ మొదటి మ్యాచ్, పోదామా అన్నాడు. పదేళ్ల నుంచి చూస్తున్న మనిషి, ఒక్కసారి కూడా స్టేడియంకు పోలేదు. నాకు మనసు లేకున్నా సరే అన్నాను. శుక్రవారం మధ్యాహ్నం పర్మిషన్ తీసుకున్నాను. బాపు పొద్దున్నే భూపాలపల్లిలో బస్సెక్కి హన్మకొండ, అక్కడి నుంచి జనగామ. ఇద్దరం కలిసి ఉప్పల్ దాకా బస్సు, ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో, ఆ తర్వాత ఆటో. మెట్రోలో ఆయన మోకాలు పట్టేస్తే ఒక అబ్బాయి లేచి సీటిచ్చాడు.

బాలయోగి ఇండోర్ స్టేడియం బయటే పసుపు జెండాలు. లోపల టీవీలో కనిపించేదానికంటే చాప చాలా చిన్నది, మనుషులు చాలా పెద్దవాళ్లు. బాపు ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. టైటాన్స్, బెంగళూరు బుల్స్. అటువైపు ప్రదీప్ నర్వాల్, ఇటువైపు పవన్. కొత్త కోచ్ కృష్ణ కుమార్ హుడా. టైటాన్స్ ఒకే ఒక్కటి గెలిచిన ఆ ఎనిమిదో సీజన్‌లో కప్పు ఎత్తుకుపోయిన దబాంగ్ ఢిల్లీకి కోచ్ ఈయనే. బాపుకు ఈ విషయం తెలుసు. "అప్పుడు మనల్ని ఓడగొట్టినోడే ఇప్పుడు మనకు సదువు చెప్తాండు" అని పక్కసీటు ఆయనకు వివరించాడు.

37-29తో టైటాన్స్ గెలిచింది. బాపు చేతులు పైకెత్తి అరవడం నేను అంతవరకు చూడలేదు. రాత్రి ఉప్పల్‌లో చుట్టాల ఇంట్లో పడుకుని, తెల్లారి మొదటి బస్సుకు జనగామ వచ్చి, మొదటి పీరియడ్‌కు క్లాసులో ఉన్నాను.

ఆ పొద్దున నా కళ్లు చూసి ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు, చెప్పాను. క్లాసు మొత్తం లేచింది. సరే, ఇది స్పోకెన్ ఇంగ్లిష్ పీరియడే కదా అని బోర్డు మీద నాలుగు మాటలు రాశాను. రైడ్, ట్యాకిల్, రివైవ్, డూ ఆర్ డై. కబడ్డీలో ఒకడు ఔటై బయటికి పోతే అక్కడితో అయిపోదు. తన జట్టు ఒక పాయింటు తెస్తే బయట కూర్చున్నవాళ్లలో ఒకడు లోపలికి వస్తాడు. దాన్నే రివైవల్ అంటారు. ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మేడం, రివైవ్, రివైజ్ ఒకటేనా?" అంది. కాదమ్మా, ఒకటైతే మీ పరీక్షలు బాగానే ఉండేవి అన్నాను.

తర్వాత ఎవరైనా వచ్చి ఇంగ్లిష్‌లో కామెంటరీ చెప్పమన్నాను. చివరి బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు. రఘునాథపల్లి వైపు ఊరు, బస్సులో వస్తాడు. జూన్ నుంచి అప్పటిదాకా నా క్లాసులో వాడు "ఎస్ మేడం" తప్ప ఇంకో మాట ఇంగ్లిష్‌లో అనలేదు. బెంచీ మీద చెయ్యి ఆనించి, ముప్పై సెకన్లు ఆపకుండా చెప్పాడు. ఒక రైడ్‌కు ఉండే సమయం అంతే, ముప్పై సెకన్లు. వ్యాకరణం అంతంతమాత్రం. కానీ ఆగలేదు. "హీ ఈజ్ గోయింగ్, హీ ఈజ్ గోయింగ్, టచ్, టచ్, హీ ఈజ్ కమింగ్ హోమ్!" క్లాసు చప్పట్లు కొట్టింది. వాడు స్కూల్ కబడ్డీ టీంలో ఉన్నాడని నాకు ఆరోజే తెలిసింది.

అప్పట్నుంచి వారానికి ఒకసారి కామెంటరీ పెట్టాను. ఆ వారాల్లో టైటాన్స్ పరిస్థితి మాత్రం ఏం బాగాలేదు. రెండో మ్యాచ్‌లో తమిళ్ తలైవాస్ చేతిలో 44-29, ఆ వెంటనే జైపూర్ చేతిలో 52-22. మళ్లీ మొదలైందిరా అనుకున్నాం. ఆ తర్వాత మెల్లమెల్లగా గెలవడం మొదలుపెట్టారు. సీజన్ నడుమ పవన్‌కు గాయమైంది, కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. అప్పుడు విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ కూతకు పోయి పాయింట్లు తెచ్చారు. రెండు కోట్ల మనిషి ఉన్నప్పుడు పన్నెండో స్థానం, ఆయన బయట కూర్చున్నప్పుడు గెలుపులు. దీనికి లెక్క ఏంటో నాకు తెలియదు, బాపును అడిగితే "అందరు ఆడుతాండ్రు" అన్నాడు.

నవంబర్‌లో పేరెంట్స్ మీటింగ్ వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

ఆ అబ్బాయి వాళ్ల నాన్న వచ్చాడు. పత్తి మార్కెట్‌కు వచ్చి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, అంగీకి దూది పోగులు అంటుకుని ఉన్నాయి. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. నేను కార్డు తిప్పి చూపించాను. ఇంగ్లిష్‌లో ఎనభైకి 27. అంతకుముందు రోజే సెక్షన్ల వారీగా సగటు మార్కుల పట్టిక చూశాం, నా సెక్షన్ కింద ఉంది. ఆ చికాకు నాలో ఉంది. "ఆట మీద ధ్యాస ఎక్కువైంది. టెన్త్ దగ్గరకొస్తుంది. కొన్నాళ్లు కబడ్డీ మాన్పించండి" అన్నాను.

ఆయన ఎదురు మాట్లాడలేదు. "మీరు చెప్పినట్టే మేడం. మాకేం తెలుస్తది" అని లేచి దండం పెట్టాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన.

మర్నాటి నుంచి ఆ అబ్బాయి గ్రౌండ్‌కు పోలేదు. నా పీరియడ్‌లో కామెంటరీకి లేవమంటే, "రాదు మేడం" అన్నాడు. మళ్లీ "ఎస్ మేడం" దగ్గరికి వచ్చాడు. నేను అది కూడా పట్టించుకోలేదు, సిలబస్ హడావుడి.

ఆ వారం బాపుతో ఫోన్లో మాట్లాడుతూ ఈ సంగతి మామూలుగా చెప్పాను. నా బాధ్యత నేను చేశానన్నట్టే చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను.

"నిన్ను నేను ఏం మాన్పిచ్చిన బిడ్డా?"

ఇంటర్ ఫస్టియర్‌లో నేను మ్యాథ్స్ తప్పాను. మా చుట్టాలందరూ కథల పుస్తకాలు చదివి చెడిపోయిందన్నారు. అప్పుడు నాకు వారపత్రికల పిచ్చి. తప్పిన వారం కూడా బాపు డ్యూటీ దిగి వస్తూ బస్టాండ్‌లో వారపత్రిక కొని తెచ్చి, ఏమీ అనకుండా టేబుల్ మీద పెట్టాడు. ఎంతకు పోయింది అని మాత్రం అడిగాడు. మూడు మార్కులు అన్నాను. ఏడు లోపల అనే మాట అప్పటికి మా ఇంట్లో లేదు, ప్రో కబడ్డీయే ఇంకా రాలేదు. కానీ ఆయన అడిగింది అదే. ఎంత ఓడావు అని కాదు, ఎంత దగ్గర దాకా పోయావు అని. డీఎస్సీ రోజున అడిగింది కూడా అదే. నేనే రూలు పుస్తకం తీశాను.

మర్నాడు లంచ్ టైంలో ఆ అబ్బాయి వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. ఆటకు పంపండి అన్నాను. "మొన్న మీరే వద్దంటిరి గద మేడం" అన్నాడు ఆయన, కోపంగా కాదు, నిజంగా అర్థం కాక. తప్పు నాదే అన్నాను. ఆ మాట పేరెంట్‌తో అనడం నాకు అదే మొదటిసారి, గొంతు తడబడింది. ఆయన కొంచెంసేపు ఆగి, "పత్తి ఏరుడు నడుస్తాంది మేడం, కూలీలు దొరుకుతలేరు. పొద్దూకితే వాడు ఇంటికాడ ఉంటే మాకు ఆసరైతాండు. ఏరుడు ఒడిశినంక పంపుత" అన్నాడు. నేను ఒక మాటతో మాన్పించినదాన్ని ఇంకో మాటతో మొదలుపెట్టించలేనని అప్పుడు అర్థమైంది. డిసెంబర్ రెండో వారం దాకా వాడు గ్రౌండ్‌కు రాలేదు. ఆలోపు జోనల్ టీం ఎంపిక అయిపోయింది. వాడికి చోటు లేదు. ఈ సంగతి వాడు నాతో అనలేదు, పీఈటీ సార్ చెప్పారు.

టైటాన్స్ మాత్రం చివరిదాకా లాగింది. 22 మ్యాచ్‌లలో 12 గెలుపులు, 10 ఓటములు. అప్పుడు మొదటి ఆరు జట్లకే ప్లేఆఫ్స్‌లో చోటు. తమ మ్యాచ్‌లన్నీ అయిపోయి 66 పాయింట్లతో కూర్చున్నారు. ఇక వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. డిసెంబర్ 24న, లీగ్ దశ చివరిరోజున, పుణెలో యు ముంబా ఆడే ఆఖరి మ్యాచ్ మీదే అంతా ఆధారపడి ఉంది. నేను జనగామ రూమ్‌లో, బాపు భూపాలపల్లిలో టీవీ ముందు, ఫోన్ స్పీకర్ పెట్టుకుని చూశాం. మనది కాని మ్యాచ్‌ను అంత ఊపిరి బిగబట్టి ఎప్పుడూ చూడలేదు. వెరిఫికేషన్ క్యూ గుర్తొచ్చింది. అవతలివాడి అంకె మీద మన బతుకు ఆధారపడి ఉండటం ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది.

యు ముంబా గెలిచింది. టైటాన్స్ ఏడో స్థానం.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. "ఎన్ని సున్నాలు బాపూ ఈసారి?" అని నేనే అడిగాను. డైరీ పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. "ఆరు" అన్నాడు. పది ఓటముల్లో ఆరు. తర్వాత, "ఆరో జట్టుకు డెబ్బై, మనకు అరవై ఆరు" అన్నాడు. నేను "ఏడు లోపలే" అన్నాను. అప్పుడు నవ్వాడు. అక్టోబర్ నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి అని కాదు కానీ, నాతో ఆ విషయం మీద నవ్వడం మొదటిసారి.

క్రిస్మస్ సెలవుల తర్వాత స్కూలు తెరిచిన రోజు, నేను వరండాలో పోతుంటే ఆ అబ్బాయి వెనక నుంచి వచ్చాడు.

"మేడం, వుయ్ మిస్డ్ ఇట్ బై ఫోర్ పాయింట్స్."

తప్పు లేని వాక్యం. దిద్దడానికి ఏమీ లేక నేను తల మాత్రమే ఊపాను. మొన్నటి టెస్టులో వాడికి ఎనభైకి 33 వచ్చాయి. పెద్ద మార్పేం కాదు. నేను ఆ కార్డు మీద ఎర్ర పెన్ను వాడలేదు, ఆరు పెరిగాయి అని నీలం పెన్నుతో రాశాను.

ఈసారి మీటింగ్‌లో నేను మీ ముందు కార్డు తిప్పినప్పుడు, ర్యాంకు ఎంత అని అడిగితే చెప్తాను, అది మీ హక్కు. దానితో పాటు పోయినసారికీ ఈసారికీ తేడా ఎంత అని కూడా అడగండి. నేను లెక్క రాసి పెట్టుకుని ఉంటాను.

సంక్రాంతికి వాళ్ల ఊళ్లో కబడ్డీ పోటీలున్నాయట. చిన్న పిల్లల టీంలో వాడు ఆడుతున్నాడు. "మీ బాపును గూడ తీస్కరాండ్రి మేడం" అని పిలిచాడు, ఈసారి తెలుగులోనే. బాపుకు చెప్పాను. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా హన్మకొండ, అక్కడ బస్సు మారి రఘునాథపల్లి, అక్కడి నుంచి ఆటో. పండగ రోజుల్లో బస్సుల్లో నిలబడాల్సి వస్తుంది, మోకాలు నొప్పి అని గుర్తుచేశాను. మొదటి బస్సు ఎన్నింటికో ఆయన అప్పటికే డిపోలో కనుక్కుని వచ్చాడు.